ఆ గురువారం తాత చదివిన పేజీ

నాకు నలభై రెండో ఏట అక్షరాలు వచ్చాయి. అంతకుముందు పాతికేళ్ళు మార్కాపురం పలకల గనిలో రాయి కోశాను. ఊరూరి పిల్లలు దిద్దుకునే పలకలు నా చేతి మీదుగా పోయాయి గాని, వాటి మీద ఏం దిద్దుతారో నాకు తెలియదు. తెలియజేసింది మౌలాలి తాత.

ఆయన దూదేకులాయన. ఇంటింటికీ తిరిగి పరుపులకు దూదేకి బతికిన మనిషి. వయసు మళ్ళాక పని మానేసి, ఇంటి వసారాలో కూర్చుని, వచ్చినవాళ్ళకు తత్వం చెప్పేవాడు. హిందువులం, ముసల్మానులం కలిసి ఒక పాతికమందిమి ఆయన శిష్యులం. ప్రతి గురువారం సాయంత్రం అక్కడ చేరేవాళ్ళం.

తాత దగ్గర ఆయన గురువు చేత్తో రాసిచ్చిన తత్వాల పుస్తకం ఒకటుండేది. వంతు ప్రకారం ఒక శిష్యుడు అందులో ఒక పేజీ పైకి చదవాలి. తాత విని ఒక మాట చెబుతాడు. ఒక్కోసారి మాట కూడా ఉండదు. లేచిపోయి బర్రెకు కుడితి పెడతాడు. ఆ పూటకు అదే పాఠం. ఇళ్ళకు పోతూ దారంతా దాని అర్థం వెతుక్కునేవాళ్ళం.

నాకు చదవడం వచ్చాక నా వంతూ వచ్చింది. చిక్కు అక్కడే మొదలైంది.

నేను వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతాను. ఇప్పటికీ అంతే. ఆ రోజు మూడో వరుసలో ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయాను. ముందుకు పోదు, వెనక్కి రాదు.  పక్కన శరభయ్య మేష్టరు ఉన్నాడు. హైస్కూల్లో తెలుగు చెప్పే మనిషి, పుస్తకం పడితే గడగడా చదివేవాడు.

"ఇసకలో దిగబడ్డ బండి," అన్నాడు. "రాండయ్యా, తలా ఒక చెయ్యి వేద్దాం."

అందరూ నవ్వారు.

పుస్తకం మూసి, కళ్ళకద్దుకుని, పీట మీద పెట్టి బయటికొచ్చేశాను. మేష్టరు పోయి ఆరేళ్ళయింది. ఆ నవ్వు నేనింకా మన్నించలేదు. మన్నించానని అబద్ధం రాయను.

రెండు గురువారాలు ఎగ్గొట్టాను. మూడో వారం తాత కబురు పంపాడు. "కోపం ఇంటి దగ్గర కట్టేసి రానక్కర్లేదు, తోలుకొనే రమ్మను" అన్నాడట. పోయాను. ఎవరినీ పలకరించకుండా గడప పక్కన కూర్చున్నాను.

ఆ పూట మేష్టరి వంతు. ఆయన పుస్తకం అందుకోబోతుంటే తాత చెయ్యి చాపాడు.

"ఇయ్యాల నేను చదువుతా."

తాత పుస్తకం చూసి చదవగా మేమెవరం ఎరగం. ఆయనకంతా నోటికే వచ్చు. అలాంటి మనిషి పుస్తకం ముక్కు దాకా తెచ్చుకుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం పట్టుకుని చదివాడు. ఒక వరుస సగంలో వదిలి కింది వరుసలో పడ్డాడు. మళ్ళీ వెనక్కి పోయాడు. ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. అచ్చం నాలాగే.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేష్టరి తల మెల్లగా వంగింది. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

పేజీ అయ్యాక తాత తలెత్తి మా వైపు చూశాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. అప్పటికే మేమంతా చేతులు జోడించి ఉన్నాం. ఆయన నోరు మూసుకుని, పుస్తకానికి గుడ్డ చుట్టాడు.

బయట మేష్టరు నా దగ్గరికొచ్చాడు. "తప్పయిపోయింది కాశయ్యా," అన్నాడు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. జవాబు నేనెందుకివ్వాలి? తాతే ఇచ్చాడు గదా.

నా పెళ్ళినాడు కూడా నేనంత గర్వంగా నడవలేదు. పలకలు కోసుకునే నాకోసం అంతటి మనిషి చదువు రానివాడయ్యాడు. గనిలో చెప్పాను, సంతలో చెప్పాను, వియ్యంకుల ఊరికి పోయి చెప్పొచ్చాను.

చదువు వచ్చాక మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కళ్ళ ముందున్నది చాలదు. దాని వెనక ఇంకేదో రాసి ఉందని వెతుకుతాడు. ఆ జబ్బు మా పాతికమందికీ పట్టింది.

తాత చెంబుతో గ్లాసులో పోయబోయి నీళ్ళు నేల మీద పోశాడు. నిండిన మనసులో ఏదీ పట్టదని చెబుతున్నాడన్నాడు ఒకడు. వసారా గుంజను చూసి "రా, కూర్చో" అన్నాడు. కొయ్యా మనిషీ ఆయనకొకటే అన్నాన్నేను. మాటల మధ్యలో తల రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. సమాధిలోకి పోయాడని మేం గుసగుసలు కూడా ఆపేసేవాళ్ళం. మేష్టరు ఒక నోటుబుక్కు కొని, ఇవన్నీ తేదీలతో సహా ఎక్కించడం మొదలుపెట్టాడు.

తాత పోయిన రెండేళ్ళకు మేష్టరు ఆ నోటుబుక్కును అచ్చు వేయించాడు. అందులో మొదటిది ఆ గురువారం కథే. తడబడుతూ చదివి పండితుడి గర్వం అణచిన గురువు కథ. జరిగిందేమిటో ఆయనకూ తెలుసు. పోయి అడిగితే, "జనానికి మేలు చేసే కథ కాశయ్యా, నువ్వెందుకు చెడగొడతావు?" అన్నాడు. ఆ పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. మా మనవరాలు కూడా చదివి, ఎంత గొప్పగా ఉంది తాతా అన్నది. అందులో లేనిది నేను రాస్తున్నాను.

తాత బతికున్న ఆ నెలల్లో వేరే మాట అన్నది ఒక్క మనిషే. మాబున్ని అవ్వ, తాత భార్య. ఒకరోజు పొద్దున వాకిట్లో నన్ను ఆపింది.

"కాశయ్యా, మీ తాతకు చూపు ఆనడం లేదు. కంచంలో చెయ్యి పెట్టబోయి పక్కన పెడతన్నాడు. పొద్దున లేస్తానే వాంతులు. గుంటూరు తీసకపోండయ్యా. నేను చెబితే ఇనడు. మీరు చెబితే ఇంటాడు."

నేను నవ్వాను. మేష్టరు నా మీద ఎలా నవ్వాడో అలాగే.

"అవ్వా, ఆయన చేతలకు అర్థాలుంటయి. చదువుకున్నోళ్ళకే అందవు. నీకేం తెలుస్తయి?"

తాత లోపల మంచం మీదే ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. మా మాటలు విన్నాడు, పలకలేదు. అవ్వ ఒకసారి లోపలికి ఆయన వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది.

"సరేలే. మీరు మీరూ పెద్దోళ్ళు," అని చేట తీసుకుని లోపలికి పోయింది. మళ్ళీ నన్నెప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలకు తాత వసారా మెట్ల మీద పడిపోయాడు. అప్పుడు తీసుకుపోయాం గుంటూరు. తలకు ఫోటోలు తీశారు. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఫోటోను వెలుతురుకు పెట్టి చూపించింది.

"తలలో గడ్డ ఉంది. చూపు నరాన్ని నొక్కేసింది. ముందే తెచ్చుంటే ఏదో చేసేవాళ్ళం. ఇప్పుడు చెయ్యి పెట్టడానికి లేదు."

మేం ఆరుగురం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నారు? చదవడంలో తడబడటం, వస్తువులు అందకపోవడం... మీరెవరూ గమనించలేదా?"

గమనించాం. తేదీలతో సహా రాసుకున్నాం. ఆ నోటుబుక్కు ఆ క్షణాన మేష్టరి చొక్కా జేబులోనే ఉంది. ఆ పిల్లకు ఏమని చెబుతాం?

మరుసటి రోజు మధ్యాహ్నం తాత దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. అవ్వ ఆయన లుంగీ ఉతికి తెస్తానని బయటికి పోయింది.

"తాతా, నేను. కాశయ్యని."

"ఊఁ."

ఆయన కళ్ళు నా భుజం పక్కగా ఎటో చూస్తున్నాయి.

"ఒక మాట అడగాలి."

"అడుగు."

"ఆ గురువారం మీరు చదివింది... నా కోసం గదా?"

మనిషి చావు మంచం మీద ఉంటే నేనడిగింది అదీ. అవునంటే చాలని లోపల మొక్కుకుంటున్నాను కూడా. ఆ ఒక్క పేజీ మీదే నేను తలెత్తుకుని తిరుగుతున్నాను.

తాత నా గొంతు వైపు ముఖం తిప్పాడు.

"కనబళ్ళేదురా," అన్నాడు. "నాకు అక్షరం ఆనడం లేదని నోటితో చెప్పడానికి సిగ్గయింది. నోటికొచ్చింది అప్పజెబితే మీకు తెలియదు. పుస్తకం పట్టి చదివితే ఎవడో ఒకడు, ఏం తాతా, కళ్ళు బాగలేవా అని అడుగుతాడనుకున్నా. తలెత్తితే మీరంతా దణ్ణాలు పెట్టుకుని కూర్చోనున్నారు."

"అప్పుడన్నా చెప్పొచ్చు గదా తాతా!"

"చెబుదామనే నోరు తెరిచా." కాసేపు ఆయాసపడ్డాడు. "దణ్ణాలు బాగున్నాయి."

నేను మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. పెద్దగా ఏడ్చాను, పక్క మంచాలవాళ్ళు చూస్తున్నా.

"అవ్వ చెప్పింది తాతా. నాకే చెప్పింది. నీకేం తెలుసన్నాను. నన్ను మన్నించండి."

"నన్నెందుకు అడుగుతావు? ఆ మాట అన్నది నన్నా?"

బయటికొచ్చాను. అవ్వ వరండాలో ఇనప కమ్మీల మీద లుంగీ ఆరేస్తున్నది. ఎదురుగా బెంచీ మీద మేష్టరూ, ఇంకో నలుగురు శిష్యులూ కూర్చున్నారు.

తప్పు నాదని నేను పుట్టి ఎవరితోనూ అనలేదు. నా తల్లితో అనలేదు, కట్టుకున్నదానితో అనలేదు. అది గొప్పనుకునేవాణ్ణి.

"అవ్వా," అన్నాను. "నువ్వు చెప్పిందే నిజం. నేనే ఇనలేదు."

నా మాట నాకే సరిగా వినబళ్ళేదు. ఆమె నా వైపు తిరగలేదు. తడి లుంగీ ముడతలు సాపు చేస్తూనే ఉంది.

"గట్టిగా చెప్పు," అన్నది. "వాళ్ళు గూడా ఇనాల."

బెంచీ మీద మేష్టరు తలెత్తి నా వైపే చూస్తున్నాడు. నన్ను చూసి నవ్విన మనిషి. ఆయన ముందు తలవంచేకంటే గనిలో రాయి కింద పడటం మేలనుకుని బతికినవాణ్ణి.

చెప్పాను. గట్టిగానే చెప్పాను. చివరి గదిలో నుంచి నర్సమ్మ తొంగి చూసింది. "అవ్వ నాలుగు నెలల కిందటే చెప్పింది. తాతకు కళ్ళు కనబడటం లేదని చెప్పింది. నేను నవ్వి పంపించా."

మేష్టరు ముఖం కిందికి వేసుకున్నాడు.  అవ్వ లుంగీ తీసి, రెండో వైపు తిప్పి ఆరేసింది.

లోపలికొచ్చాను. తాత నా అడుగుల చప్పుడు పట్టాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నది?"

"ఏమనలేదు."

తాత మంచం పట్టె కోసం చెయ్యి తడిమాడు. లేవాలని చూస్తున్నాడు. వీపు వెనక చెయ్యి వేసి కూర్చోబెట్టాను. తలగుడ్డ అడిగాడు. ఇస్తే తనే చుట్టుకున్నాడు, వంకరగా. సరిచేయబోతే నా చెయ్యి తోసేశాడు.

"ఆమెను పిలువు," అన్నాడు. "నేనూ చెప్పాల."