పై నిప్పులు, కింది సెగ

అనగనగా ఒక అడవిలో, పొయ్యి రాజేసుకుని వండుకు తినే ఎలుగుబంట్లు ఉండేవి. ఎలుగుబంట్లు ఎక్కడైనా వంట చేస్తాయా అని అడక్కండి పిల్లలూ. కథలో అవి మాట్లాడితే ఒప్పుకుంటారు కదా, వండితే ఏం పోయింది?

వాటిలో ఈదమ్మ అనే తల్లి ఎలుగుకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది కాటుక, చిన్నది నేరేడు. ఈదమ్మ ఏది వండినా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునేది. "చూస్తే రాదు, చేస్తేనే వస్తుంది" అనేది. నేరేడు బొత్తిగా చిన్నది కాబట్టి మొన్నమొన్నటి దాకా అమ్మకి సాయమంతా కాటుకే చేసేది. చెల్లి పొయ్యి దగ్గరకొస్తే "పోవే, కాలుతుంది" అని తరిమేది. అమ్మ పక్కన ఆ చోటు ఎప్పటికీ తనదే అనుకుంది.

ఒకరోజు గోరింక వచ్చి కబురు చెప్పింది. "ఈదమ్మా! రేపు మీ అమ్మ వస్తోంది. జ్వరం పడి లేచింది కదా, నోటికి ఏదీ హితవు కావడం లేదట. నీ చేతి దిబ్బరొట్టె అయితే తింటానంది."

దిబ్బరొట్టె అంటే మీకు తెలుసుగా? మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో దళసరిగా పోస్తారు. పైన మూత పెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు పరుస్తారు. కింద సన్నటి సెగ, పైన నిప్పులు. రెండూ సమంగా తగిలితే రొట్టె బయట కరకరలాడుతూ, లోపల మెత్తగా వస్తుంది. ఏది హెచ్చినా, ఏది తగ్గినా చెడుతుంది.

ఈదమ్మ ఆ రోజే మినప్పప్పు నానబోసింది. తెల్లారాక "ఇద్దరూ రండే" అని పిలిచింది.

ముందు నేరేడు చేతికి పప్పు గిన్నె ఇచ్చి కడగమంది. నేరేడు సంబరంగా కడిగి, సగం పప్పు నేల మీద ఒలకబోసింది. ఈదమ్మ నవ్వి, "పోనీలే నా తల్లే, ఏరుకుందాం" అంది.

కాటుకకి మనసు చివుక్కుమంది. 'నేను ఒలకబోసినప్పుడు వీపు మీద ఒకటి పడింది. దీనికైతే ముద్దులా!' అనుకుంది.

తర్వాత పిండి రుబ్బారు. ఉప్పు కూడా నేరేడే వేసింది. ఈదమ్మ వేలితో తీసి నాలిక్కి రాసుకుని, "అబ్బ, ఎంత సరిగ్గా వేసిందో చూడవే కాటుకా!" అంది.

కాటుక చూడలేదు. ఉప్పు వేయడం కూడా ఒక గొప్పేనా అని లోపల్లోపల పళ్ళు నూరుకుంది.

ఇక పొయ్యి వెలిగించారు. కాటుక అలవాటుగా పట్టకారు అందుకుంది. మూత మీద నిప్పులు పరిచే పని ఎప్పుడూ దానిదే మరి. ఈదమ్మ ఆ పట్టకారు తీసుకుని నేరేడు చేతిలో పెట్టింది. "ఈసారి పై నిప్పులు చెల్లి పరుస్తుంది. నువ్వు కింది సెగ చూడు" అంది.

అంతే! కాటుక కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. అమ్మకి చెల్లే ముద్దు, తనని పక్కకి నెట్టేసింది అనుకుంది. ఎందుకమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. అసూయకి నోరు ఉండదు, కడుపు మంటే ఉంటుంది.

నేరేడు నాలుక బయటపెట్టి, ఒక్కొక్క నిప్పూ మూత మీద జాగ్రత్తగా సర్దింది. ఈదమ్మ చూసి, "నేరేడూ, నువ్వెళ్ళి మోదుగాకులు కోసుకురా. నేను అమ్మమ్మకి ఎదురెళ్ళి తీసుకొస్తాను. కాటుకా, సెగ పెరగనివ్వకు, పొయ్యి నీకే వదిలి వెళ్తున్నాను" అని చెప్పి బయల్దేరింది.

కాటుక ఒక్కతే మిగిలింది. కట్టెల మోపు మీద ఒక తొండ కూర్చుని ఉంది.

"చూశావా తొండా! మా అమ్మకి నా మీద ఇష్టం పోయింది కదూ?" అని అడిగింది కాటుక.

"అంతే, అంతే" అని తల ఊపింది తొండ.

"చెల్లి వచ్చి నా చోటు లాగేసుకుంది కదూ?"

"అంతే, అంతే."

"రొట్టె పైన పచ్చిగా ఉంటే తిట్లు చెల్లికే కదూ?"

"అంతే, అంతే."

తొండ ఎవరేమన్నా తల ఊపుతుంది. ఆ సంగతి అడవిలో అందరికీ తెలుసు, కాటుకకీ తెలుసు. కానీ మనకి కావలసిన మాట చెప్పేవాళ్ళే ఆ సమయానికి మనకి పండితులు.

కాటుక పట్టకారు తీసింది. మూత మీది ఎర్రటి నిప్పులన్నీ ఏరేసింది. బూడిద మాత్రం ఉంచింది. తీసిన నిప్పులు బయట పడేస్తే అమ్మ కంటపడతాయి. అందుకని వాటిని కింద పొయ్యిలోకే తోసేసింది. 'కాస్త సెగ పెరిగితే ఏమవుతుందిలే' అనుకుని, గుమ్మంలో కూర్చుంది.

కాసేపటికి నేరేడు ఆకులు తెచ్చింది. ఆ వెనకే ఈదమ్మ అమ్మమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. అమ్మమ్మ బాగా చిక్కిపోయింది. వస్తూనే ఆకు ముందు కూర్చుని, "పెట్టవే ఈదమ్మా, ఎన్నాళ్ళకో ఆకలేస్తోంది" అంది.

"ఏదో మాడుతోందే!" అంటూ ఈదమ్మ పరుగున వెళ్ళి మూత తీసింది. పైన పిండి పచ్చిగా కదులుతోంది. అట్లకాడతో లేపి చూస్తే కింద మసిబొగ్గు. మధ్యలో కూడా మాడు వాసనే. నోట పెట్టేందుకు ఒక్క ముక్క లేదు.

నేరేడు బావురుమంది. "నేనే పాడుచేశానమ్మా! నాకు నిప్పులు పెట్టడం రాలేదు. పట్టకారు అక్కకే ఇచ్చెయ్. అక్క పెట్టి ఉంటే అమ్మమ్మ ఈపాటికి తినేది" అంది.

కాటుక కోరుకున్న మాటలు అవే. తీరా విన్నాక సంతోషం కలగలేదు. తలెత్తి చూస్తే అమ్మ చెల్లి వంక చూడడం లేదు. పొయ్యి వంక చూస్తోంది.

"పైన పచ్చిగా ఉందంటే చిన్నది, తెలియదనుకుంటాను. కింద ఇంత మంట ఎలా వచ్చిందే కాటుకా?" అని అడిగింది ఈదమ్మ. "నిప్పులు పరచడం పిల్లల పని. కింది సెగ పెద్దవాళ్ళ పని. రొట్టె ప్రాణం దాన్లోనే ఉంటుంది. మా అమ్మ నాకు పెళ్ళీడు వచ్చేదాకా ఆ పని ఇవ్వలేదు. నువ్వు పెద్దదానివయ్యావని నీకు ఇప్పుడే ఇచ్చాను."

"దారి పొడుగునా మీ అమ్మ అదే చెప్పిందే" అంది అమ్మమ్మ. "ఇవాళ కింది సెగ మా కాటుకది, చూద్దువుగాని అని."

కాటుక ఇక ఆగలేకపోయింది. "చెల్లి తప్పు లేదమ్మా. నిప్పులు నేనే తీసేశాను. దానికి తిట్లు పడాలని తీశాను. తొండ కూడా అంతే అంది" అని భోరున ఏడ్చింది.

"తొండ ఎవరికి కాదందే!" అంది ఈదమ్మ. కొట్టలేదు, తిట్టలేదు. రుబ్బిన పిండి అంతా అయిపోయింది. ఆ పూట అమ్మమ్మ కాస్త తేనె నాకి, మంచినీళ్ళు తాగి పడుకుంది.

మర్నాడు మళ్ళీ పిండి రుబ్బారు. ఈదమ్మ పట్టకారు కాటుక చేతికిచ్చి, "నువ్వూ చెల్లీ పై నిప్పులు పరచండి. కింది సెగ నేను చూసుకుంటాను" అంది.

నేరేడు పక్కకి జరిగి అక్కకి చోటిచ్చింది. కాటుక చెల్లితో కలిసి నిప్పులు పరిచింది.

రొట్టె దోరగా వేగి, ఘుమఘుమలాడుతూ వచ్చింది. అమ్మమ్మ తేనెలో అద్దుకుని కడుపారా తింది. "ఆహా! కింది సెగ ఎంత బాగా చూశావే ఈదమ్మా!" అని మెచ్చుకుంది.

కాటుక ఆ మాట విని తల దించుకుంది.

నీతి: ఒకే మూకుట్లో వండుకునేవాళ్ళలో ఒకరి వైపు పచ్చిగా ఉండాలని చూస్తే, మన వైపు మాడిపోతుంది.