నవ్వుల దొంగ

కొండల నడుమ కుంభగిరి అనే ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణమల్ల భూపాలుడికి రెండు నమ్మకాలు. తనంత వీరుడు లేడన్నది ఒకటి, తనంత హాస్యప్రియుడు లేడన్నది రెండోది. మొదటిదాన్ని పరీక్షించడానికి శత్రువెవడూ రాలేదు. రెండోదాన్ని మాత్రం సభలోని వాళ్ళు రోజూ భరించేవారు.

ఒకనాడు ఆయనకు కొత్త ఛలోక్తి తట్టింది.

"నా పట్టపుటేనుగు అంత మెల్లగా ఎందుకు నడుస్తుందో చెప్పండి?" అని అడిగి, ఎవరూ పలక్కముందే తానే చెప్పేశాడు. "దాని మీద నాతోపాటు నా కీర్తి కూడా ఎక్కి కూర్చుంది గనుక!"

సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ సంగతి లోలోపల రాజుకూ తెలుసు. అందుకే మనసు కుదుటపడలేదు. వీళ్ళు నిజంగానే నవ్వారా? సింహాసనం మీంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"పసిపిల్లలైతే దొంగనవ్వు నవ్వలేరు. పదండి బడికి!" అన్నాడు.

రాజధానిలో ఆయన పేరిట ఒక పాఠశాల ఉంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. దాని అధ్యక్షుడు ఉద్దండయ్య రాజును బంగారు పూత తోరణం కిందుగా లోపలికి తీసుకెళ్ళాడు. రాజు ఏనుగు మాట చెప్పాడు. పిల్లలెవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు.

రాజు ముఖం కందగడ్డలా అయింది. "వచ్చే పున్నమికి పొరుగురాజు వస్తున్నాడు. ఆయన ముందు ఈ పిల్లలు నవ్వాలి. నవ్వలేదో, బడి మూయించేస్తాను!"

ఉద్దండయ్య ఆ రోజే నవ్వు పాఠం మొదలుపెట్టాడు. బెత్తం ఊపుతూ "హ, హా, హి, హీ" అని గుణింతం చెప్పించాడు. నాలుగు రోజులకు రాజు వచ్చి విన్నాడు. పిల్లలంతా ఒక్క గొంతుతో, రెప్ప వేయకుండా "హ, హా, హి, హీ" అన్నారు.

"ఇది నవ్వా, శవయాత్రా?" అని అరిచాడు రాజు.

వెంట వచ్చిన ఆస్థాన విదూషకుడు చెన్నుభట్టు ఆ పిల్లల ముఖాలే చూస్తున్నాడు. కళ్ళకింద నల్లటి చారలు, కాళ్ళ నిండా దోమకాట్లు.

"మహారాజా, ఈ బడిలో నవ్వుల దొంగ ఒకడున్నాడు. పట్టిస్తాను. పట్టించలేకపోతే నన్ను దేశం వెళ్ళగొట్టండి. కానీ తమరు ఒక్కరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెనక వరసలో నాతోపాటు పొంచి కూర్చోవాలి. పిల్లలు ఎలా ఉంటే మనమూ అలాగే. మధ్యలో లేస్తే దొంగ పారిపోతాడు."

వేట అంటే రాజుకు ప్రాణం. సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్ళి నేల మీద కూర్చున్నారు. నేల చెమ్మగా ఉంది. ఉద్దండయ్య గాభరాగా పరుపు తెప్పించబోయాడు. "అయ్యో, పరుపు చూస్తే దొంగ రాడండీ!" అని చెన్నుభట్టు వెనక్కి పంపేశాడు.

పాఠం నడుస్తోంది. కప్పు నుంచి నీటి బొట్టు రాజు మెడ మీద పడింది. పక్కకు జరిగాడు. అక్కడా పడింది.

"దొంగ వచ్చాడా?"

"బయల్దేరాడు ప్రభూ."

కాళ్ళు తిమ్మిరెక్కాయి. దోమలు చెవి దగ్గర రొదపెట్టాయి. రాజు అటు కదిలి, ఇటు కదిలి, వీపు గోడకు రుద్దుకున్నాడు. మధ్యాహ్నం ముంతలతో గంజి వచ్చింది. అందులో మెతుకుల్ని వెతుక్కోవాలి. రాజు ఒక గుక్క తాగి ముంత పక్కన పెట్టాడు. పక్కనున్న అన్నెమ్మ అనే పిల్ల ఆ ముంతకేసే చూస్తోంది.

"తీసుకోమ్మా," అన్నాడు రాజు, ముఖం తిప్పుకుని.

ఆ పిల్ల గటగటా తాగేసింది. ఎండ వాలేసరికి రాజు ఓపిక అంతా అయిపోయింది.

"ఏడీ దొంగ? ఎప్పుడొస్తాడు?"

చెన్నుభట్టు దగ్గరకు జరిగి మెల్లగా అడిగాడు. "ప్రభూ, తమ పట్టపుటేనుగు అంత మెల్లగా ఎందుకు నడుస్తుందంటారు?"

"నీ ఏనుగు మండిపోనూ! కడుపు కాలిపోతుంటే ఇప్పుడా ఛలోక్తులు?"

"దొరికాడు మహారాజా!" చెన్నుభట్టు చటుక్కున లేచి నిలబడ్డాడు. "ఆ ఛలోక్తి పుట్టించింది తమరే. ఈ ఆకలీ, చెమ్మా, దోమలూ ఒక్కరోజుకే తమ నవ్వును ఎత్తుకుపోయాయి. వీళ్ళకు ఇది రోజూ ఉండేదే."

రాజు ఉద్దండయ్య వైపు తిరిగాడు. "నేను ఖజానా నుంచి పంపేదంతా ఏమవుతోంది?"

ఉద్దండయ్య తోరణం చూపించాడు. "దాని మీద తమ బిరుదులు చెక్కించానండి. పోయినసారి తమరే చూసి మురిసిపోయి, ఇంకొకటి కట్టించమన్నారు."

రాజు తోరణం వైపు చూశాడు. తన పేరు సాయంత్రపు ఎండలో ధగధగలాడుతోంది. ఆయన తల దించుకున్నాడు.

మర్నాడే రెండో తోరణం పని ఆగింది. ఆ సొమ్ముతో కప్పు బాగుచేశారు, చాపలూ దుప్పట్లూ కొన్నారు. వేడి అన్నం, పప్పు, మజ్జిగ వచ్చాయి. వైద్యుడు వచ్చి పిల్లల్ని చూశాడు. సాయంత్రాలు ఆటకు వదిలారు. ఉద్దండయ్యను తప్పించి, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో చూసే పని కొందరు తల్లులకు, ఉపాధ్యాయులకు కలిపి అప్పగించారు.

పున్నమి వచ్చింది, పొరుగురాజు వచ్చాడు. రణమల్ల భూపాలుడికి మళ్ళీ గుబులు పట్టుకుంది. ఉంగరాలు తిప్పుకుంటూ పిల్లల ముందు నిలబడి ఏనుగు మాట చెప్పాడు. "దాని మీద నా కీర్తి కూడా ఎక్కి కూర్చుంది గనుక!"

ఎవరూ నవ్వలేదు.

అంతలో అన్నెమ్మ లేచి నిలబడింది. "మరి ఆ కీర్తిని దింపేయండి మహారాజా! పాపం, ఏనుగు!"

బడంతా ఒక్కసారి గొల్లుమంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పొరుగురాజు నవ్వాపుకోలేక ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. రణమల్ల భూపాలుడు ముందు బిత్తరపోయాడు, తర్వాత కిసుక్కుమన్నాడు, ఆ తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"చెన్నుభట్టూ, వీళ్ళు నవ్వింది నా మాటకు కాదు, నన్ను చూసి!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"నవ్వాలని ఆజ్ఞ ఇచ్చారు గాని, దేనికి నవ్వాలో సెలవివ్వలేదు ప్రభూ."

రాజు మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు. "ఈ పాఠశాలకు ఇకనుంచి నువ్వే అధ్యక్షుడివి!"

చెన్నుభట్టు హారం సర్దుకుని చేతులు జోడించాడు. "హారం చాలు మహారాజా. నా మాటలు బాగోలేకపోతే ఈ పిల్లలు ఇప్పుడు ముఖం మీదే చెబుతున్నారు. అధ్యక్షుణ్ణయ్యానంటే, పాపం, నా మాటలకూ వీళ్ళు నవ్వి తీరాల్సొస్తుంది!"