రాతిమొక్కకు పోసిన నీళ్లు

వీణల పనిలో చెయ్యి తిరిగిన పైడాచార్యులుగారిని శిష్యుడు నీలాచలం పన్నెండేళ్లుగా రోజూ ఒకే ప్రశ్న అడుగుతున్నాడు: "గురువుగారూ, ఈ మెట్టు కుదిరిందా?" ఆయన చెవి ఒగ్గి వినేవారు, అవుననో కాదనో చెప్పేవారు. ఆ రోజు మాత్రం పలకలేదు.

వాకిట్లో ఒక విద్వాంసురాలు తన వీణ కోసం కూర్చుని ఉంది. సాయంత్రమే ఆవిడ కచేరీ. తీగల కింద వరుసగా నిలిచే ఇరవై నాలుగు ఇత్తడి మెట్లలో చివరిది మైనంలో నిలపాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం చెడుతుంది. నీలాచలానికి భయం పట్టుకుంది.

"ఎందుకు చెప్పరు గురువుగారూ? నా వల్ల ఏటైనా తప్పు జరిగిందా?"

ఆయన కిటికీలోని కుండీ తెచ్చి అతని ముందు పెట్టారు. దక్షిణాఫ్రికా ఎండు నేలల్లో పుట్టే రాతిమొక్క అది. చూడ్డానికి అతుక్కున్న రెండు గులకరాళ్లు. ఏడాదికోసారి మధ్యలోంచి చామంతిలాంటి పసుపు పువ్వు. రాయి పూయడమేమిటని నీలాచలానికి దాని మీద తగని ముచ్చట. పువ్వు వాడాక పాత ఆకులు ముడతలు పడతాయి, అప్పుడు నీళ్లు పోయొద్దని గురువు చెప్పారు. చెబితే ఏం, మనవాడి మనసు ఆగితేనా. రోజూ చెంబు వంచాడు. ఆకులు మళ్లీ బూరెల్లా పొంగేసరికి, తానే ప్రాణం పోసినట్టు సంబరపడ్డాడు.

గురువు చాకుతో ఒక పాత ఆకును కోసి తీశారు. లోపల కొత్త ఆకుల జత గోరంత ఉంది, పాలిపోయి, ఓ పక్కకు నలిగిపోయి. నీలాచలం వంగి వింతగా చూశాడు.

"ఇది ఎందుకు ఎదగలేదండీ?"

"పాత ఆకులో నీరు తాగి కొత్తది ఎదగాలి. నువ్వు పాతదాన్ని ఎండనిచ్చావేటి?"

"పాపం, జాలేసి పోశానండి." సిగ్గుపడుతూ కుండీని దగ్గరకు లాక్కున్నాడు. "బతుకుతుందా?"

"చూద్దాం. ఇక చెంబు ముట్టుకోకు."

విద్వాంసురాలు గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్లింది. నీలాచలం మెట్టు నిలిపి తీగ మీటాడు. నచ్చలేదు. కాస్త జరిపి మళ్లీ మీటాడు. ఈసారి స్వరం తేటగా పలికింది. అలవాటు ఎక్కడికి పోతుంది, వెంటనే తల తిప్పాడు.

"గురువుగారూ, కుదిరిందా?"

అప్పటికే ఆయన చెప్పులు తొడుక్కుని వీధి వైపు నడుస్తున్నారు.

"జాలేసి నువ్వు నెల్లాళ్లు పోశావు నీలాచలం. నేను నీకు పన్నెండేళ్లు పోశాను."