గడప ముందు నీళ్ళు

కంబగిరికి ఆ రోజు ముద్ద దిగలేదు.

దర్గా పక్కనున్న ధర్మవైద్యశాలలో రోగుల పేర్లు కంప్యూటర్లో సక్రమంగా ఉండేట్టు చూడటం అతని సేవ. గొల్లపల్లె వన్నూరమ్మ ఒక్కతే మనిషి. కంప్యూటర్లో మాత్రం నలుగురు. ఒకరు వన్నూరమ్మ అని ఎక్కిస్తే, ఇంకొకరు కరియప్ప తల్లి అని, మరొకరు పాల అవ్వ అని ఎక్కించారు. తొందరలో ఉన్న మహానుభావుడెవరో ఉత్త 'అవ్వ' అని కొట్టి చేతులు దులుపుకున్నాడు.

ఆ పొద్దున ఇద్దరు సేవకులు రెండు పేర్ల మీద ఆమెకు రెండుసార్లు షుగరు బిళ్ళలిచ్చారు. ఇచ్చింది కాదనడం ఆ ముసలమ్మకు తెలీదు. మింగింది. కాసేపటికి బెంచీ మీంచి ఒరిగిపోయింది. డాక్టరమ్మ పరుగున రాకపోతే ప్రాణం దక్కేది కాదు.

కంబగిరి తన గురువు మస్తానమ్మ ముందు కూలబడ్డాడు. ఆ దర్గాకు ఆమే పెద్దదిక్కు. మాట తక్కువ, ఘాటెక్కువ.

"రోజూ సాయంత్రం కూచుని నలుగుర్నీ ఒకరిగా కలుపుతానమ్మా. మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ నలుగురే. నా అంత శుభ్రంగా ఏరేవాడు ఇక్కడ లేడు. నావల్లే కాలేదు. తోడుగా ఇంకో ఇద్దర్నన్నా ఇవ్వు, లేదంటే నన్ను తప్పించు. ఇంకోసారి ఎవరైనా పడిపోతే నేను చూడలేను."

"చీపురు తీస్కో" అంది మస్తానమ్మ. "వసారా ఊడ్చు."

వానాకాలం. బయటంతా ఎర్రబురద. కంబగిరి అద్దంలా తుడిచాడు. వెనక్కి తిరిగేలోపు ఓ గుంపు పచ్చిబురద కాళ్ళతో లోపలికొచ్చింది. మళ్ళీ తుడిచాడు. ఇంకో గుంపు.

"కాళ్ళు కడుక్కుని రమ్మని గోడ మీద రాశాం కదయ్యా!"

"రాసినోళ్ళు చదవడం గూడా నేర్పిచ్చింటే బాగుండు సామీ" అన్నాడో పెద్దాయన, నవ్వుతూ, బురద తొక్కుతూ.

కంబగిరికి నడుం పట్టేసింది. "అమ్మా, ఇది ఒక్కడి పని కాదు. ఇంకో ఇద్దరుంటే..." అని, తన మాట తనకే వినబడి ఆగిపోయాడు.

మస్తానమ్మ లేచింది. పెరట్లో మేకలు నీళ్ళు తాగే రాతి తొట్టి ఒకటుంది. పొడుగ్గా, వెడల్పుగా, లోతు లేకుండా. గడ్డపారతో దాన్ని కొంచెం కొంచెంగా జరుపుకుంటూ తెచ్చి గడపకు బయటివైపు ఆనించింది. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు సరిపోయింది. నిండా నీళ్ళు పోసి, వచ్చి తన చోట కూచుంది.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే నీళ్ళలో దిగి, ఎక్కి, లోపలికొచ్చారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. సర్పంచి బూట్లతో ఊపుగా వచ్చాడు. తొట్టి ముందు ఆగాడు. దూకగలడా అని చూశాడు. పొట్ట ఒప్పుకోలేదు. నోర్మూసుకుని బూట్లిప్పాడు.

కంబగిరి నేలకేసి చూశాడు. చీపురు మూల పెట్టి, కంప్యూటర్ గదిలోకి వెళ్ళాడు.

వారం తిరిగాక ఓ మధ్యాహ్నం వన్నూరమ్మ మళ్ళీ వచ్చింది. సేవకురాలు ఖాజాబీ అలవాటుగా 'పాల అవ్వ' అని కొట్టింది. కంబగిరి కొత్తగా మార్చిపెట్టిన యంత్రం ముందుకు కదలదే! ఊరేది అంది. ఇంటిపేరేది అంది. అవి చెప్పాక, ఆ ఊళ్ళో ఆ ఇంటి మనిషి ఫోటో ఒకటి చూపించి, ఈమేనా అని అడిగింది.

వన్నూరమ్మ తొంగిచూసింది. "నేనేలే! ఇంత ముసిల్దాన్ని ఎప్పుడైతిని?"

బిళ్ళల చీటీ మాత్రం రాలేదు. పొద్దున్నే ఒకసారి ఇచ్చారట. ఎవరూ అడగకుండానే ఆమె పేరు పక్కగదిలో డాక్టరమ్మ కంప్యూటర్ మీద వెలిగింది.

"పొద్దున మింగినావా అవ్వా?" డాక్టరమ్మ కేకేసింది.

"మింగినా. మళ్ళా ఇస్తారేమోనని వచ్చినా."

గదంతా నవ్వింది. కంబగిరి నవ్వలేదు. ఆమె ఆ రోజు ఒరిగిపోయిన బెంచీ వైపే చూశాడు.

ఆ సాయంత్రం అతనికి కలపాల్సిన పేర్లు లేవు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. మస్తానమ్మ దగ్గరికొచ్చి, "అమ్మా, ఊడ్చడానికేమీ లేదు" అన్నాడు. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆమె వాకిలి వైపు చూసింది.

"తొట్లో నీళ్ళు మార్చినావా?"

కంబగిరి బకెట్ అందుకున్నాడు.