వసారాలో వెలుగు

వామనరావుకి ఆ రోజు కాలు నేల మీద నిలవడం లేదు. క్షయ ఆసుపత్రిలో మా పెద్దమేనత్త కామాక్షి పెద్ద డాక్టరు. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్నవాడు వామనరావు. జూట్‌మిల్లు కూలీ అప్పలస్వామిని ఇంటివాళ్ళు ఆశ వదులుకుని తెచ్చి పడుకోబెడితే, మందులు మొదలుపెట్టింది వామనరావే. రెండు నెలల్లో దగ్గు ఆగింది. నెత్తురు పడటం మానింది.

కొత్త ఎక్స్‌రే వచ్చిన రోజున బయట ఒకటే ముసురు. కిటికీలు మూసి, వార్డులో పగలే బల్బులు వేశారు. ఆ పచ్చటి వెలుగులో సరిగ్గా కనపడదని వామనరావు ఫిల్ముని తడవకుండా కోటు కింద దాచుకుని వసారాలోకి తెచ్చాడు. అత్త ఎదుట ఆకాశానికి ఎత్తిపట్టాడు.

"చూడండమ్మా, మచ్చ ఎంత తగ్గిందో! మీరు చెయ్యి వెయ్యక్కర్లేకుండానే నెగ్గుకొచ్చాను."

"బాగుంది నాయనా. అన్నం తింటున్నాడా?"

"కాస్త వికారమట. మందులు ఘాటువి కదమ్మా!"

అత్త వార్డులోకి వెళ్ళి అప్పలస్వామి మంచం మీద కూచుంది.

"ఎలా ఉన్నావయ్యా?"

"దగ్గు పోనాది తల్లీ. దాని ఎనకే ఆకలీ పోనాది. కూడు సూస్తే కడుపులో తిప్పేస్తంది. వారం నుంచీ ఉచ్చ టీ డికాసన్ లాగొస్తంది. బాబుకి సెప్పినాను. తగ్గుతున్నావు కదా, ఓర్సుకోమన్నారు."

అత్త అతనికి భుజం ఆనించి, మెల్లగా వసారాలోకి నడిపించుకొచ్చింది. ఇందాక ఫిల్ము పట్టిన చోటే నిలబెట్టింది.

"పైకి చూడవయ్యా."

అప్పలస్వామి మబ్బులకేసి చూశాడు. వామనరావు అతని కళ్ళలోకి చూశాడు. తెల్లగుడ్డు నిండా పసుపు.

"లివరు..." అన్నాడు వామనరావు. "నా మందులేనమ్మా."

"ఈ పూటవి మింగాడా?"

"ఇంకా లేదు."

పరుగెత్తుకెళ్ళి మాత్రలు తనే తీసుకొచ్చి అత్త చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని కొంగున ముడేసుకుంది.

"ఫిల్ముని అంత జాగ్రత్తగా ఇక్కడిదాకా తెచ్చావు. ఇతన్నీ తేవలసింది," అంది. అంతే.

భగవంతుడి దయ. కొన్ని వారాలకి కళ్ళు తెల్లబడ్డాయి. రక్తపరీక్షలు చూసుకుంటూ, అత్త చెప్పినట్టు ఒక్కొక్క మందే మళ్ళీ మొదలుపెట్టారు.

అప్పలస్వామి ఇంటికెళ్ళే రోజు వామనరావు చేతిలో ఆఖరి ఎక్స్‌రే ఉంది. అత్త చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. అప్పలస్వామి చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకొచ్చి, గడ్డం పైకెత్తాడు.

"ఏటి బాబూ, పెళ్ళిసూపులా?" అన్నాడు అప్పలస్వామి.

అత్త నవ్వింది. ఫిల్ము మళ్ళీ అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, మొదటిసారిగా "మా వామనరావు" అంది.