గవ్వ ఎవరి విస్తరి చూసింది?

అనగా అనగా, మీరు ఊ అనగా, నేను చెప్పగా, ఒక ఊళ్ళో ఒక రాజుగారు. ఆ రాజుగారి దగ్గర ఒక మంత్రిగారు. మంత్రంటే మరీ కిరీటం పెట్టుకున్నవాడేం కాదర్రా, రొంటిన ముక్కుపొడుంకాయ దోపుకుని తిరిగే మనిషే. ఆయన పెళ్ళాం కామాక్షమ్మ. ఆవిడకి మడీ తడీ ఎక్కువ, దిష్టి భయం ఇంకా ఎక్కువ. వాళ్ళకి ఒక్కడే కొడుకు. ఆ ఏడే పెళ్ళయింది. కోడలి పేరు సువర్చల.

ఆ పిల్ల కాపురానికొస్తూ ఏం తెచ్చుకుందనుకున్నారు? పట్టుచీరలా? నగలా? అవీ తెచ్చుకుందిలే. వాటితో పాటు ఒళ్ళో ఒక కుక్కపిల్లని పెట్టుకుని బండి దిగింది. పొట్టి జాతిది, ఎంత పెరిగినా పిల్లంతే. తెల్లగా, గుండ్రంగా గవ్వలా ఉందని గవ్వ అనే పేరు పెట్టుకుంది. నిన్న మీ నాన్న తెచ్చాడే కుక్కపిల్ల, అచ్చం అంతే. ఒరేయ్ సుబ్బూ, దాని చెవి వదలరా, నిద్రపోతోంది. ఊ కొడుతున్నారా?

సువర్చల మొగుడేమో దివాణం పనుల మీద ఎప్పుడూ ఊళ్ళు తిరగడమే. కొత్త ఇల్లు, కొత్త మనుషులు. మనసులో మాట చెప్పుకోడానికి ఆ పిల్లకి గవ్వ తప్ప దిక్కులేదు పాపం.

ఆ గవ్వకేమో ఒక్క బుద్ధీ రాలేదు. చాప వేస్తే చాపమీద పోసేది, చాప తీస్తే చాపున్న చోట పోసేది. మామగారి చెప్పులు కొరికేది, అత్తగారి మడిచీర లాగేది. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. అన్నిటికన్నా పెద్ద తంటా భోజనాల దగ్గర. ఎవరు విస్తరి ముందు కూర్చున్నా ఎదురుగా చతికిలబడి, రెప్ప వెయ్యకుండా వాళ్ళ ముద్దకేసి చూసేది.

ఇలా ఉండగా రాజుగారు కబురు పెట్టారు, వచ్చే పున్నమికి మీ ఇంట భోంచేస్తానని. కామాక్షమ్మకి దిష్టి భయం పట్టుకుంది. కోడల్ని పిలిచి చెప్పేసింది, రాజుగారి విస్తరికేసి ఆ కుక్క కన్నెత్తి చూసిందా, మర్నాడే దాన్ని బండెక్కించి మీ పుట్టింటికి పంపేస్తానని.

సువర్చల ఏడ్చింది. ఏడవదూ మరి! ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఆలోచనలో పడింది. ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ ఒకటే గుణం, ఏది చూసినా "ఎందుకబ్బా?" అనుకోవడం. పల్లవీ, అచ్చం నీలాగేనే. పని చేసుకుంటూనే గవ్వని ఓ కంట కనిపెట్టింది.

చాపెందుకు తడిసింది? గవ్వ పోసింది గనక. గవ్వెందుకు పోసింది? పొట్టనిండా మజ్జిగన్నం ఉంది గనక. మజ్జిగన్నం ఎవరు పెట్టారు? మామగారు పెట్టారు. మామగారెందుకు పెట్టారు? గవ్వ చూసింది గనక. గవ్వెందుకు చూసింది? చూస్తే ముద్ద పడుతుంది గనక. ఆ ముద్ద మొట్టమొదట వేసిందెవరు?

అక్కడికొచ్చేసరికి సువర్చల నాలిక్కరుచుకుంది. ఎవరనుకున్నారు? అత్తగారే! మనం తింటుంటే ఎవరైనా చూస్తే దిష్టి తగులుతుందంటారు కదా, కడుపునొప్పొస్తుందని చూసినవాళ్ళకి ఓ ముద్ద పెడతాం కదా. గవ్వ వచ్చిన రోజే చూసిందని ఆవిడ భయపడి అప్పడం ముక్క విసిరింది. ఆవిణ్ణి చూసి మామగారు, మామగారిని చూసి కొడుకు. వేళాపాళా లేకుండా తింటే ఎప్పుడు బయటికెళ్ళాలో దానికి మాత్రం ఏం తెలుస్తుంది? బుద్ధి రాలేదని తిడుతున్నాం గానీ, మనం నేర్పిన బుద్ధి దీనికి బ్రహ్మాండంగా వచ్చింది అనుకుంది సువర్చల.

ఆ మాట అత్తగారి మొహమ్మీద అనగలదా? అనలేదు. సాయంత్రం అత్తగారి కాళ్ళు పడుతూ, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"అత్తయ్యా, దిష్టి తగిలేది ఆకలిగా చూసే కళ్ళదా, కడుపు నిండిన కళ్ళదా?"

"ఇదీ ఒక ప్రశ్నేనటే? ఆకలి కళ్ళదే."

"అయితే మనం కూర్చోకముందే దానికి పెట్టేస్తే?"

కామాక్షమ్మ అదీ నిజమేనే అంది.

ఇంక చూడండి సువర్చల పనితనం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పెరటి గుమ్మం దగ్గర ఒకే చిప్పలో గవ్వకి అన్నం. అది మూతి నాక్కోగానే ఎత్తుకెళ్ళి కరివేపాకు చెట్టు కింద దింపడం. అక్కడే పోస్తే, "మా గవ్వే, మా బంగారమే" అని ఒక్కటంటే ఒక్క మరమరం పెట్టడం. ఇంట్లో పోస్తే తిట్టడం లేదు, కొట్టడం లేదు, తుడిచెయ్యడమే. చెప్పులకి బదులు కొబ్బరిపీచు ఉండ ఇచ్చింది. విస్తళ్ళు వెయ్యగానే గోనెపట్టా చూపించి కూర్చోమనేది. లేచొస్తే మళ్ళీ కూర్చోబెట్టేది. మళ్ళీ లేచొస్తే మళ్ళీ కూర్చోబెట్టేది. ఎంత ఓపికమ్మా!

గవ్వ తొందరగానే నేర్చుకుంది. మామగారే నేర్చుకోలేదు! ఆయన చెయ్యి అలవాటుకొద్దీ ముద్ద పట్టుకుని పక్కకి పోయేది. చివరికి కామాక్షమ్మే మోచేత్తో పొడిచి మాన్పించింది. నవ్వకండర్రా, కథ అయిపోలేదు.

పున్నమి రానే వచ్చింది, రాజుగారూ వచ్చారు. అరిటాకు నిండా బూరెలు, పులిహోర, పనసపొట్టు కూర. సువర్చల వంటింటి గుమ్మం చాటునించి తొంగి చూసింది. గవ్వ తన గోనెపట్టా మీద కూర్చుని, పెరట్లో పిచికల్ని చూస్తోంది. రాజుగారు తింటూ తింటూ ఆగి, ఈ కుక్క నాకేసి చూడదేమిటని అడిగారు. ఓ బూరె చూపించి ఊరించారు. గవ్వ తోక ఊపింది గానీ కదల్లేదు.

రాజుగారికి కళ్ళనీళ్ళొచ్చాయి. కోటలో ఆయన భోంచేస్తుంటే చుట్టూ వడ్డించేవాళ్ళూ విసిరేవాళ్ళూ నిలబడి, ఆయన ముద్దకేసే చూస్తుంటార్ట. తిన్నది ఒంటబట్టక రోజూ కడుపునొప్పేనట. అందరూ తిని లేచాక, నా తిండికేసి చూడని ప్రాణి ఈ రాజ్యంలో ఇదొక్కటే, దీన్ని నాకిచ్చెయ్యండి అన్నారు.

రాజు అడిగితే కాదనగలమా? మంత్రిగారు పొడుంకాయ తడుముకున్నారు. కామాక్షమ్మేమో, పోనీలే, బండి ఖర్చు కూడా లేకుండా పీడ వదిలిందనుకుంటూ గవ్వని తేవడానికి లోపలికెళ్ళింది. అప్పటికే గవ్వ వంటింట్లో దూరింది.

అక్కడ కామాక్షమ్మ ఏం చూసింది? అందరి భోజనాలూ అయ్యాక, ఓ మూల సువర్చల కంచం ముందు కూర్చునుంది. గవ్వ ఎదురుగా చతికిలబడి, రెప్ప వెయ్యకుండా ఆ పిల్లకేసి చూస్తోంది.

"ఎవరికేసీ చూడని కుక్క నీకేసి చూస్తోందేమిటే?"

సువర్చల తల దించుకుంది. "అన్నం కోసం కాదత్తయ్యా. నేను తిన్నానో లేదో చూస్తుంది. తినకుండా లేస్తే కొంగు పట్టి లాగుతుంది."

అప్పుడు కామాక్షమ్మ ఆ కంచంలోకి చూసింది. బూరె లేదు, పులిహోర లేదు. అడుగు మాడిన మెతుకులూ, కాస్త పచ్చడీను. కోడలు తిన్నదో లేదో ఈ ఇంట్లో ఎవరైనా చూశారా అనుకుంది. చూసిన ఆ ఒక్క ప్రాణినీ పంపించెయ్యడానికి తనే వచ్చింది.

వెనక్కెళ్ళి చేతులు జోడించింది. మహారాజా, కుక్కనివ్వలేను, అది మా కోడలి తోడు. దాని కిటుకు మాత్రం చెప్తాను. మీరు కూర్చోకముందే మీ వడ్డించేవాళ్ళకి కడుపునిండా పెట్టండి, ఇంక మీ ముద్దకేసి ఎవరు చూస్తారు? రాజుగారు పకపకా నవ్వి సరేనన్నారు. ఆ తర్వాత కడుపునొప్పి మందుకైనా లేదు.

ఆ పూటే కామాక్షమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించి బూరెలు వండి, కోడలి పక్కన పీట వాల్చుకుంది. మర్నాటినించీ అత్తాకోడళ్ళిద్దరూ కలిసే తిన్నారు. గవ్వ ఓసారి వచ్చి చూసి, ఫరవాలేదనుకుని, వెళ్ళి పట్టా మీద పడుకుంది.

అదర్రా సంగతి. చిన్నదానికైనా పెద్దదానికైనా ముందు కడుపు చూడాలి, తర్వాత బుద్ధి చెప్పాలి. రేపట్నుంచీ మన బుజ్జి కుక్కపిల్లకి మీ కంచాల్లోంచి ముద్దలు విసిరారో, ఊరుకోను.

ఊ ఆగిపోయిందేం? సరే, కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.