ఇస్త్రీ గదిలోని స్విచ్

నెట్‌వర్క్ పాఠాలు చెప్పే పేరిశాస్త్రి గారు ఎవరైనా ప్రశ్న వేస్తే బోర్డు వైపు తిరిగేవారు కారు. ఎప్పుడో జరిగినదేదో చెప్పేవారు.

ఒకనాడు శిష్యురాలు జుబేదా అడిగింది: "మాస్టారూ, కంప్యూటర్ల వైర్లను కలిపే ఒక్కో స్విచ్‌కీ తన వైరు అవతలి కొసన ఉన్నది తప్ప ఇంకేమీ తెలియదు కదా. మరి మొత్తం నెట్‌వర్క్ పటం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆయన చెప్పినది ఇది.

గోదావరి ఒడ్డున ఒక ఆసుపత్రి. అత్యవసర వార్డులో మంచాల దగ్గరి యంత్రాలు రోగుల నాడిని సర్వర్ గది మీదుగా నర్సు బల్ల మీది తెరకు పంపేవి. రోజూ పొద్దున పదింటికి ఆ తెర పావుగంట ఖాళీ అయిపోయేది. ఒకరోజు ఆ పావుగంటలోనే ఒక ముసలాయన నాడి పడిపోయింది. నర్సు సుగుణ పక్క మంచం దగ్గర ఉండబట్టి ఆయన బతికాడు. మర్నాడు మధ్యాహ్నం శాస్త్రి గారిని పిలిపించారు. అప్పటికి ఆయన ముప్పయ్యేళ్లవాడు.

"నిన్నంటే నా కంట పడింది. రేపు నేను అటు తిరిగి ఉంటే?" అంది సుగుణ.

మూడేళ్ల కిందట గీసిన గోడ మీది నెట్‌వర్క్ పటంలో వార్డు నుంచి సర్వర్ గదికి ఒకటే గీత. సూపరింటెండెంటు దాని మీద వేలు పెట్టి, ఆ వైరు మార్చేయమన్నాడు. శాస్త్రి గారు వార్డు స్విచ్‌కు లాప్‌టాప్ తగిలించి, దాని పొరుగు ఎవరో చూశారు. స్విచ్‌లు అర నిమిషానికోసారి తమ పేరు పక్కవాటికి చెప్పుకుంటాయి, విన్న పేరు గుర్తుపెట్టుకుంటాయి. వార్డు స్విచ్ విన్న పేరు సర్వర్ గదిది కాదు. పటంలో లేనిది. ఆ లేనిదాన్ని అడిగితే, తనకు ఒక పక్క వార్డు, ఇంకో పక్క సర్వర్ గది ఉన్నాయంది.

వైరు వెంట నడిచి వెళితే, ఆ స్విచ్ దుప్పట్లు ఇస్త్రీ చేసే గది అటక మీద కనిపించింది. దాని ప్లగ్ ఎవరైనా తీస్తుంటారా అని అడిగారు.

"దీని ప్లగ్గా బాబూ?" అంది అక్కడ పనిచేసే మంగమ్మ. "ఉన్నది ఒకటే సాకెట్. పదింటికి దీన్ని పీకి డాక్టర్ల కోట్లు ఇస్త్రీ చేయాలి. అయిపోగానే మళ్లీ పెట్టేస్తాను."

అది ఏం మోస్తోందో ఆయన చెప్పారు. ఆమె చేతిలోని కోటు పక్కన పెట్టి, ఆ ప్లగ్ గట్టిగా ఉందో లేదో చూసింది. ఆ సాయంత్రమే రెండో సాకెట్ పెట్టించారు. ఈలోగా శాస్త్రి గారు ఒక్కో స్విచ్‌నూ దాని పొరుగు ఎవరని అడిగి రాసుకుంటూ పోతే, చీకటి పడేసరికి కాగితం మీద మొత్తం పటం తయారైంది.

"ఆసుపత్రివాళ్లు మూడేళ్లుగా గోడమీది పటాన్నే నమ్మారా మాస్టారూ?" అంది జుబేదా.

"మంగమ్మ మూడేళ్లుగా ఆ గదిలోనే ఉందమ్మా. ఎవరూ అడగలేదు."